కిరాయిదారు మరణం, వారసుల హక్కు: బన్సీలాల్‌పేట్

కిరాయి ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి చనిపోయాక, అదే ఇంట్లో ఉంటున్న భార్యాబిడ్డలు, తల్లి, ఇతర బంధువులు అక్కడే కొనసాగవచ్చా అన్న ప్రశ్నకు సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట్‌లో ఒకే జవాబు లేదు. నెల కిరాయి 3,500 రూపాయలు దాటని, కట్టి 15 ఏళ్లు గడిచిన ప్రైవేటు ఇంటికి 1960 నాటి తెలంగాణ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం వర్తిస్తుంది. అంతకు మించిన కిరాయి ఉన్న ఇంటికి, కొత్త ఇంటికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం వర్తిస్తుంది. మొదటి చట్టంలో వారసుల జాబితా చిన్నది, రక్షణ గట్టిది. రెండోదానిలో జాబితా పెద్దది, రక్షణ మాత్రం 15 రోజుల నోటీసుతో తీరిపోతుంది. నేటి నగరంలో ఓ మోస్తరు ఫ్లాటు ఏదీ 3,500కు దొరకదు కాబట్టి, కిరాయి ఇళ్లలో ఉండే కుటుంబాల్లో చాలావాటికి మిగిలింది ఈ రెండో దారే.

బన్సీలాల్‌పేట్ గాంధీ ఆసుపత్రికి దగ్గర్లో, భోలక్‌పూర్, పద్మారావునగర్‌ల పక్కన ఉన్న పాత పేట. ఒకప్పుడు నాగన్నకుంట అనేవారు. 1933లో బ్రిటిష్ రెసిడెంటు టి.హెచ్. కీస్ హయాంలో దీన్ని ఆదర్శ గ్రామంగా తీర్చిదిద్ది, విరాళమిచ్చిన సేఠ్ బన్సీలాల్ పేరు పెట్టారు. చెత్తతో పూడిపోయిన ఇక్కడి మెట్లబావిని బాగుచేసి 2022 డిసెంబరు 5న తెరిచాక ఈ పేరు నగరమంతటికీ మళ్లీ పరిచయమైంది. ఇలాంటి పేటల్లో ఓనరు పైన ఉండి కింద పోర్షన్లు కిరాయికిచ్చిన పాత ఇళ్లూ, వాటి స్థానంలో లేచిన అపార్ట్‌మెంట్లూ ఒకే గల్లీలో పక్కపక్కనే కనిపిస్తాయి. అందుకే ఎదురెదురు గుమ్మాల్లో ఉన్న రెండు కుటుంబాల్లో ఒకే రకమైన చావు జరిగినా, మిగిలినవారి హక్కులు వేరువేరుగా తేలవచ్చు. కొద్ది దూరంలోని కంటోన్మెంటు సంగతి ఇంకా వేరు. అక్కడి ఇళ్ల అద్దె నియంత్రణ రాజ్యాంగం ప్రకారం పార్లమెంటు పరిధిలోది. రాష్ట్ర అద్దె చట్టాలను కంటోన్మెంట్లకు విస్తరింపజేసే అధికారాన్ని 1957 నాటి కేంద్ర చట్టం ఇచ్చింది.

అద్దె చట్టంలోని నిర్వచనం

నిజాం రాజ్యం పోయాక తెలంగాణ ప్రాంతంలో 1954 నాటి హైదరాబాద్ ఇళ్ల అద్దె నియంత్రణ చట్టం నడిచింది. ఆంధ్ర ప్రాంతంలో 1949 నాటి మద్రాసు చట్టం ఉండేది. ఆ రెంటి స్థానంలో ఆంధ్రప్రదేశ్ 1960లో ఒకే చట్టం తెచ్చింది. రాష్ట్ర విభజన తరవాత తెలంగాణ దాన్నే తన పేరుతో కొనసాగిస్తోంది.

వారసుల సంగతి ఈ చట్టంలో విడిగా ఒక అధ్యాయంగా ఉండదు. కిరాయిదారు అంటే ఎవరో చెప్పే 2వ సెక్షన్ 9వ క్లాజులోనే ఇమిడి ఉంది. కిరాయి చెల్లించాల్సిన మనిషితో పాటు, చనిపోయిన కిరాయిదారు భార్య లేదా భర్త, కొడుకు, కూతురు కూడా కిరాయిదారే అని ఆ క్లాజు చెబుతుంది. అయితే ఒక షరతు పెట్టింది: వాళ్లు ఆ కుటుంబ సభ్యులుగా ఆ ఇంట్లోనే, మరణం దాకా చనిపోయిన మనిషితో కలిసి ఉంటూ ఉండాలి. గడువు తీరిన తరవాత కూడా ఇంట్లో కొనసాగుతున్న మనిషి కిరాయిదారే అవుతాడని కూడా అదే క్లాజు చెబుతుంది. కిరాయిదారు తనకు తానుగా తెచ్చి కూర్చోబెట్టిన మనిషి మాత్రం కాడు.

ఇక్కడ రక్తసంబంధం ఒక్కటే సరిపోదు, కలిసి ఉండటమొక్కటే కూడా సరిపోదు. రెండూ కలవాలి. అమెరికాలో స్థిరపడ్డ కొడుకు కొడుకే, కానీ ఆ ఇంట్లో లేడు. పదేళ్లుగా అదే గదిలో మంచాన ఉన్న తల్లి అక్కడే ఉంది, కానీ జాబితాలో ఆమె పేరు లేదు. ముందే చనిపోయిన కొడుకు భార్య, మనవళ్లు, తోడబుట్టిన చెల్లెలు, దత్తత తంతు లేకుండా పెంచుకున్న పిల్ల, వీళ్లెవరూ ఈ క్లాజులో లేరు. సరిగ్గా జరిగిన దత్తత అయితే 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం ఆ బిడ్డ సొంత బిడ్డతో సమానం. పెళ్లైన కూతురు విషయంలో ఈ చట్టం ఉదారంగా ఉంది. కూతురు అంది తప్ప పెళ్లికాని కూతురు అనలేదు. తండ్రితో కలిసి ఆ ఇంట్లోనే ఉంటే ఆమెకూ కొడుక్కూ తేడా లేదు. చదువుకో ఉద్యోగానికో కొన్నాళ్లు బయట ఉన్న బిడ్డ ఇల్లు వదిలేసినట్టా కాదా అన్నది సాక్ష్యాలను బట్టి తేలుతుంది. ఆధార్, రేషన్ కార్డు, ఓటరు జాబితా, స్కూలు రికార్డుల మీది చిరునామాలు అప్పుడు పనికొస్తాయి. కరెంటు మీటరు చాలా పాత ఇళ్లలో ఓనరు పేరు మీదే ఉంటుంది కనుక ఆ బిల్లు కిరాయిదారు కుటుంబానికి అంతగా సాయపడదు.

తల్లినీ, వితంతు కోడలినీ ఈ నిర్వచనం వదిలేయడం పెద్ద లోపం. ఉమ్మడిగా బతికే కుటుంబాల నేల మీద చేసిన చట్టం, ఆ ఇంట్లో అందరికంటే నిస్సహాయులైన ఇద్దరు ఆడవాళ్లను లెక్కలోకి తీసుకోలేదు. 1976లో ఢిల్లీ ఈ తప్పు చేయలేదు. అక్కడి సవరణ వరుసగా భార్య లేదా భర్తను, పిల్లలను, తల్లిదండ్రులను, వితంతు కోడలిని పేర్కొంది. చనిపోయిన మనిషి సంపాదన మీద ఆధారపడని వారసుడికి మాత్రం ఏడాది గడువే ఇచ్చింది. కర్ణాటక 1999 చట్టం అయిదేళ్ల గడువు పెట్టింది. పశ్చిమ బెంగాల్ కూడా 1997లో అయిదేళ్లే అంది, కానీ ఆధారపడి బతికే భార్యకు వేరే ఇల్లు లేకపోతే ఆ గడువు వర్తించదని మినహాయించింది. మహారాష్ట్ర 1999లో ఇంట్లో కలిసి ఉన్న కుటుంబ సభ్యులెవరికైనా తలుపు తెరిచింది. తెలంగాణ చట్టంలో ఏళ్ల లెక్క లేదు. హక్కు పొందిన భార్య ఆ ఇంట్లో ఉన్నంతకాలం కిరాయిదారే. ఆమె పోయాక కలిసి ఉన్న కొడుకు, కూతురు మళ్లీ అదే క్లాజు కిందికి వస్తారు. ఇన్ని తరాలకే అన్న హద్దు చట్టం పాఠంలో కనిపించదు.

రక్షణ అంటే ఇక్కడ అర్థం ఏమిటి? ఓనరు తన ఇష్టం మీద ఖాళీ చేయించలేడు. రెంట్ కంట్రోలర్ ముందు 10వ సెక్షన్‌లోని కారణాల్లో ఒకటి రుజువు చేయాలి. కిరాయి ఎగవేత, రాతపూర్వక అనుమతి లేకుండా మరొకరికి ఇవ్వడం, ఇంటిని పాడుచేయడం, కారణం లేకుండా వరుసగా నాలుగు నెలలు ఇల్లు వాడకపోవడం, ఓనరుకు తన సొంతానికి నిజంగా ఇల్లు కావాల్సి రావడం, ఇవి అందులో ముఖ్యమైనవి. కిరాయిదారు చనిపోవడం ఆ జాబితాలో లేదు. బన్సీలాల్‌పేట్ లాంటి చోట్ల ఎక్కువగా ఎదురయ్యే సందర్భానికి ఒక ప్రత్యేక నియమం ఉంది. అదే భవనంలో ఒక భాగంలో ఉంటున్న ఓనరు తనకు అదనపు గదులు కావాలని అడిగితే, కంట్రోలర్ ఇరువైపులా కష్టాన్ని తూచాలి. ఓనరుకు కలిగే ప్రయోజనం కంటే కిరాయిదారుకు కలిగే కష్టం పెద్దదైతే అర్జీని తోసిపుచ్చాలి. భర్త పోయి పిల్లలతో మిగిలిన మనిషి కష్టాన్ని చట్టమే తూకంలో వేయమన్న చోటు ఇది.

1957 నుంచి 3,500 దాకా

ఇంత గట్టి చట్టం ఇంత తక్కువ మందికి ఎందుకు అందుతోంది? జవాబు 32వ సెక్షన్ చరిత్రలో ఉంది. మొదట ఆ సెక్షన్ 1957 ఆగస్టు 26న, ఆ తరవాత కట్టిన భవనాలన్నిటినీ చట్టం నుంచి మినహాయించింది. కొత్త ఇళ్లు కట్టేవారికి ప్రోత్సాహం అన్నది కారణం. పాతికేళ్లు గడిచేసరికి కొత్త అన్న మాటకు అర్థం లేకుండా పోయింది. 1983 అక్టోబరులో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ మినహాయింపు సమానత్వ హక్కుకు విరుద్ధమని కొట్టేసింది. దాంతో మినహాయింపు పొందిన ఆ ఇళ్లన్నీ ఒక్కసారిగా చట్టం కిందికి వచ్చాయి. రెండు నెలలు గడవగానే, డిసెంబరు 29న, ప్రభుత్వం 636 నంబరు జీవో తెచ్చింది. కట్టి పదేళ్లు దాటని ఇళ్లకూ, నెల కిరాయి 1,000 రూపాయలు దాటిన ఇళ్లకూ చట్టం వర్తించదంది. 2005లో శాసనసభ సవరణతో ఆ పదేళ్లు 15 ఏళ్లయ్యాయి. కిరాయి పరిమితి మున్సిపల్ కార్పొరేషన్లలో 3,500, మిగతా చోట్ల 2,000 అయింది.

ఈ అంకె ధరలతో పాటు పెరిగే ఏర్పాటు చట్టంలో లేదు. 2005లో 3,500 అంటే సికింద్రాబాద్‌లో మధ్యతరగతి పోర్షన్ చాలావరకు ఆ లోపు వచ్చేది. నేడు ఆ మొత్తానికి దొరికేది ఒక ఇరుకు గది. శాసనసభ ఏ ఒక్క హక్కునూ రద్దు చేయలేదు, ఒక అంకెను మాత్రం అలాగే వదిలేసింది. చట్టం పుస్తకంలో ఉంది, దాని కింద నిలబడే ఇళ్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి. అద్దె నియంత్రణ ఇంటి యజమానులకు అన్యాయం చేసిందన్న వాదనలో బలం ఉంది. పాత కిరాయిలు దశాబ్దాల తరబడి గడ్డకట్టుకుపోవడం చూసినవాళ్లు ఆ మాట ఊరికే అనరు. కానీ కిరాయిని స్వేచ్ఛగా పెంచుకోనివ్వడం వేరు, చావు జరిగిన ఇంటి నుంచి వితంతువును పక్షం రోజుల నోటీసుతో ఖాళీ చేయమనగలగడం వేరు. ఒకే పరిమితితో రెంటినీ కట్టేయడం సరికాదు.

ప్రభుత్వ భవనాలకు అద్దె చట్టం మొదటి నుంచీ వర్తించదు. వక్ఫ్, దేవాదాయ ఆస్తులకు వాటి సొంత చట్టాలున్నాయి. ఈ ప్రాంతంలో ప్రభుత్వం కట్టించిన డబుల్ బెడ్‌రూం ఇళ్లు కిరాయి ఇళ్లు కావు. అవి ఇంటి ఇల్లాలి పేర ఇచ్చిన ఇళ్లు, వాటి వారసత్వం ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

పరిమితి దాటిన ఫ్లాటు

కిరాయి 12,000 ఉన్న అపార్ట్‌మెంట్ ఫ్లాటు తీసుకుందాం. దీనికి ఆస్తి బదిలీ చట్టం. లీజు ఎప్పుడు ముగుస్తుందో చెప్పే 111వ సెక్షన్‌లో కిరాయిదారు మరణం లేదు. కనుక ఒప్పందంలో వేరే మాట లేకపోతే లీజు హక్కు మిగతా ఆస్తుల్లాగే వారసులకు పోతుంది. వారసులెవరన్నది వారి వారి వారసత్వ చట్టం చెబుతుంది. హిందూ పురుషుడైతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం మొదటి తరగతి వారసులు: భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి, ముందే పోయిన కొడుకు భార్య, పిల్లలు మొదలైనవారు. అద్దె చట్టం వదిలేసిన తల్లి, కోడలు ఇక్కడ ముందు వరుసలో ఉన్నారు. ఇంట్లో కలిసి ఉండాలన్న షరతూ లేదు. కిరాయిదారు హిందూ స్త్రీ అయితే వరుస మారుతుంది. పిల్లలు, భర్త మొదట, ఆ తరవాత భర్త వారసులు, వారి తరవాతే ఆమె తల్లిదండ్రులు. ముస్లిం కుటుంబాలకు షరియత్ వాటాలు, క్రైస్తవ కుటుంబాలకు 1925 నాటి భారత వారసత్వ చట్టం. ఈ మూడు సమాజాలూ కలిసి బతికే పేటలో ఒకే గల్లీలోని ఇళ్లకు మూడు వరుసలు వర్తించవచ్చు.

కానీ వారసుడికి దక్కేది చనిపోయిన మనిషికి ఉన్నంతే. 11 నెలల అగ్రిమెంటులో నాలుగు నెలలు మిగిలి ఉంటే ఆ నాలుగు నెలలు. అగ్రిమెంటు తీరిపోయి, లేదా అసలు రాయకుండా, నెలనెలా కిరాయితో నడుస్తున్న ఇల్లైతే 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసుతో ఓనరు దాన్ని ముగించవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. ఏడాది దాటిన లీజుకు కేంద్ర చట్టం రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయడం వల్లే 11 నెలల అగ్రిమెంట్లు ఇంతగా వాడుకలోకి వచ్చాయి. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు మిగిల్చిన ఆ ఏర్పాటు, కుటుంబ పెద్ద పోయిన రోజున ఆ కుటుంబానికి భద్రత లేకుండా చేస్తుంది.

నోటీసు గడువు తీరినంత మాత్రాన ఓనరు తాళం వేయడానికి వీల్లేదు. కోర్టులో దావా వేసి డిక్రీ తెచ్చుకోవాలి. బలవంతంగా బయటికి నెట్టితే, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం ఆరో సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి, హక్కుల సంగతి తేలకముందే స్వాధీనం తిరిగి పొందవచ్చు.

సుప్రీంకోర్టు తీర్పుల్లో

గడువు తీరాక చట్టం అండతో మాత్రమే ఇంట్లో ఉంటున్న కిరాయిదారు చనిపోతే వారసులకు ఏమీ మిగలదని చాలాకాలం ఓనర్లు వాదించారు. 1976లో దమడీలాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. 1985 మే 1న గ్యాన్ దేవీ ఆనంద్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని మరింత స్థిరపరిచింది. ఢిల్లీలో ఒక దుకాణం కిరాయిదారు భార్య వేసిన అప్పీలు అది. ఢిల్లీ సవరణ ఇళ్ల వారసత్వానికే హద్దులు పెట్టింది, దుకాణాల జోలికి పోలేదు. కాబట్టి దుకాణం కిరాయి హక్కు మామూలు వారసత్వ చట్టం ప్రకారమే వారసులకు పోతుందని కోర్టు తేల్చింది. శాసనసభ హద్దు పెట్టనంతవరకు హక్కు వారసులదే అన్న ఈ సూత్రం దేశమంతటికీ ఆధారమైంది. తెలంగాణ నిర్వచనంలోని ‘ఇంట్లో కలిసి ఉంటూ’ అన్న షరతు నివాసానికి సరిపోతుంది తప్ప, మోండా మార్కెట్ దగ్గరి మడిగెకో రాణిగంజ్‌లోని కొట్టుకో సహజంగా అతకదు. తండ్రితో కలిసి కొట్టు నడిపిన కొడుకు కొట్టులో కాపురం ఉండడు కదా.

వారసులు నలుగురున్నప్పుడు వాళ్లు ఒకే కిరాయిదారు కింద లెక్క అని 1989లో హెచ్.సి. పాండే కేసు చెప్పింది. ఒకరికి ఇచ్చిన నోటీసు అందరికీ ఇచ్చినట్టే. 2018లోనూ సుప్రీంకోర్టు ఇదే మాటను నిలబెట్టింది. దీని వల్ల ఒక చిక్కుంది. కుటుంబంలో ఓనరుతో మాట్లాడే పెద్ద కొడుకు కేసును పట్టించుకోకపోతే, ఆ డిక్రీ ఇంట్లో ఉన్న తల్లినీ కట్టేస్తుంది.

వీలునామా రాసి కిరాయి హక్కును బయటివారికి ఇవ్వవచ్చా అన్న ప్రశ్న బొంబాయి అద్దె చట్టం కింద 1986లో, 1994లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. రెండుసార్లూ కుదరదనే జవాబు వచ్చింది. ఆ రక్షణ కుటుంబం కోసం చేసిందే తప్ప కానుకగా పంచిపెట్టడానికి కాదన్నది దాని సారం.

మరణం తరవాతి రోజులు

తెలంగాణ పట్టణాల్లో కిరాయిదారు చనిపోతే శవాన్ని ఇంట్లోకి తేవద్దని ఓనరు అభ్యంతరం చెప్పడం, కుటుంబం శ్మశానం పక్కనో టెంటు కిందో పెద్దకర్మ దాకా గడపడం పత్రికల్లో పదే పదే వచ్చిన సంగతి. ఇంటికి కీడు అన్న నమ్మకం దీని వెనక ఉంది. నమ్మకాన్ని ఎవరూ కాదనలేకపోయినా, చట్టంలో ఓనరుకు ఆ అధికారం ఎక్కడా లేదు. కిరాయి చెల్లిస్తున్న ఇంటి స్వాధీనం మరణంతో ఓనరుకు తిరిగి వెళ్లదు, ఆ క్షణమే వారసుల చేతికి వస్తుంది. కర్మ ముగిసేదాకా ఆ ఇంట్లో ఉండటం వారి హక్కు. నీళ్లు, కరెంటు ఆపేయడం అద్దె చట్టం కింద ఫిర్యాదుకు తగిన తప్పు. ఆ ఇంట్లో ఏడుస్తున్నవాళ్లకు ఈ మాట చెప్పేవాళ్లు ఆ సమయంలో పక్కన ఉండరు, అదే అన్నిటికంటే పెద్ద కొరత.

ఆ తరవాత తొందరగా చూసుకోవాల్సింది కిరాయి. సంపాదించే మనిషి పోయాక మొదట ఆగిపోయేది అదే, ఖాళీ చేయించడానికి ఓనరుకు మొదట దొరికే కారణమూ అదే. అద్దె చట్టం కింద ఎగవేత ఉద్దేశపూర్వకం కాదని తేలితే కంట్రోలర్ 15 రోజులకు మించకుండా గడువు ఇవ్వవచ్చు. కొత్తగా వచ్చిన వారసుల కిరాయిని ఓనరు కావాలనే తీసుకోకపోవడం కూడా జరుగుతుంది. డబ్బు తీసుకుంటే వాళ్లను కిరాయిదారులుగా ఒప్పుకున్నట్టు అవుతుందన్న భయం. దానికి ఎనిమిదో సెక్షన్ దారి చూపింది: కిరాయి వేయడానికి బ్యాంకు పేరు పది రోజుల్లో చెప్పమని రాతపూర్వకంగా అడగాలి, చెప్పకపోతే మనియార్డరు పంపాలి, అదీ తిప్పికొడితే చట్టం నిర్దేశించిన అధికారి దగ్గర జమ చేయాలి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు అడగడం కిరాయిదారు హక్కని అదే సెక్షన్ చెబుతుంది. మరణం తరవాతి మొదటి రసీదు ఎవరి పేర వచ్చిందన్నది ఏళ్ల తరవాత కోర్టులో పెద్ద సాక్ష్యమవుతుంది.

కాగితాల్లో మరణ ధ్రువపత్రం జీహెచ్‌ఎంసీ ఇస్తుంది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మీసేవ ద్వారా తహసీల్దారుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఓనరు కట్టించుకున్న అడ్వాన్సు చనిపోయిన మనిషి ఆస్తిలో భాగం, వారసులకు చెందుతుంది. పాత బకాయిలకు వారసులు తమకు ఆయన నుంచి వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. రెంట్ కంట్రోలర్ తీర్పు నచ్చనివారు సిటీ స్మాల్ కాజెస్ కోర్టు చీఫ్ జడ్జి దగ్గర అప్పీలు చేసుకోవచ్చు, ఆపైన 22వ సెక్షన్ కింద హైకోర్టులో రివిజన్ ఉంది.

బయటి దేశాల్లో, కొత్త నమూనాలో

కిరాయిదారు వారసులకు రక్షణ అన్న ఆలోచన మొదటి ప్రపంచ యుద్ధం తరవాతి ఇంగ్లండ్‌లో పుట్టింది. 1920 నాటి బ్రిటిష్ అద్దె చట్టం కిరాయిదారు నిర్వచనంలోనే, భర్తతో కలిసి ఉన్న వితంతువునూ, ఆమె లేకపోతే ఇంట్లో ఉన్న కుటుంబ సభ్యుణ్నీ చేర్చింది. మన చట్టాల నిర్వచనాల పోలిక అక్కడిదే. తరవాత అక్కడా, అమెరికాలోనూ కోర్టులు కుటుంబం అన్న మాటను విశాలం చేసుకుంటూ పోయాయి. 1989లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం, 1999లో బ్రిటన్ ప్రభువుల సభ, పెళ్లి లేకుండా కలిసి బతికిన స్వలింగ భాగస్వామిని కుటుంబ సభ్యుడిగా గుర్తించాయి. తెలంగాణలో జాబితా భార్య, భర్త, కొడుకు, కూతురు దగ్గరే ఆగి ఉంది.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం వేరే దారి పట్టింది. దాని ఆరో సెక్షన్ ప్రకారం ఓనరు, కిరాయిదారుల్లో ఎవరు చనిపోయినా అగ్రిమెంటు వారసులను కట్టివేస్తుంది, గడువులో మిగిలిన కాలానికి హక్కులూ బాధ్యతలూ వారివే. మిగిలిన కాలం దాటితే ఏమీ లేదు. రాతపూర్వక అగ్రిమెంటు తప్పనిసరి చేయడం దానిలోని మేలు. నోటిమాట మీద ఏళ్ల తరబడి నడిచే పోర్షన్లకు అది కనీసం ఒక కాగితాన్ని ఇస్తుంది.

ప్రస్తుత చట్టాల్లోనే కుటుంబం చేతిలో ఉన్న ఒక ఏర్పాటు ఉంది. అగ్రిమెంటులో కిరాయిదారుగా భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయించడం, తల్లి కూడా ఆ ఇంట్లో ఉంటే ఆమె పేరు కూడా చేర్చడం. అప్పుడు ఒకరు పోయినా మిగిలినవారు వారసులుగా కాదు, తమ సొంత ఒప్పందం మీదే కిరాయిదారులుగా ఉంటారు. రెండో సెక్షన్ జాబితాలో ఉన్నారా లేదా అన్న ప్రశ్న వారికి రాదు. అగ్రిమెంటు రాసే రోజున ఇది అదనంగా ఒక పేరు, ఒక సంతకం పని.